ఎడమ చక్రం స్టడ్లు

కళింగపట్నం,
18-1-1968

ఒరే అప్పలసూరీ,

విజయనగరంలో నువ్వు కులాసాగా ఉన్నావనుకుంటూ నీ మేనత్త, పోయిన ఏడాది నీకు పిల్లనిచ్చి అత్త కూడా అయిన దానమ్మ రాయిస్తున్న ఉత్తరం. రాస్తున్నది నీ పెళ్ళామే. నాకు అక్షరం రాదు కనుక నేను చెబుతుంటే పద్మకుమారి రాస్తుంది. నా తిట్లు మాత్రం రాయడం లేదని నాకు అనుమానం. కాగితం మీద ఎక్కడైనా ఖాళీ కనిపిస్తే అక్కడొక తిట్టు ఉన్నట్టు చదువుకో.

మన లారీ సంగతి నీకు తెలిసిందే. యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్ళు వేలం వేసిన బండి. మీ మామ అసిరయ్య పందొమ్మిదేళ్ళుగా దాన్ని తోలుతున్నాడు. ఎండుచేపల గంపలు ఎక్కించుకుని నరసన్నపేట, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి దాటి కొండ సంతలకు వెళ్ళి వస్తాడు. ఎక్కేటప్పుడు బాధ లేదు. దిగేటప్పుడే. బ్రేకు తొక్కితే బండి ఆగదు, ఆగాలా వద్దా అని ఆలోచిస్తుంది. "మరెలాగ ఆపుతన్నావు?" అని అడిగితే మీ మామ "ఎదర ఎత్తు వస్తాది కదా, అదే ఆగుతాది" అన్నాడు. మొన్న ఎత్తు రాలేదు. గడ్డివాము వచ్చింది. ఆ గడ్డివామువాళ్ళు మంచివాళ్ళు కనుక మీ మామను బయటికి లాగి మజ్జిగ ఇచ్చి పంపించారు.

అందుకని నరసన్నపేటలో బోల్తాపడిన ఒక కొత్తరకం లారీ ముందు యాక్సిలు కొన్నాను. దానికి ఆయిలు బ్రేకులు. అక్కడి మెకానిక్ ఎల్లాజీ దాన్ని మన బండికి బిగించాడు. అంతా కుదిరింది గాని చక్రాల దగ్గర చిక్కు వచ్చింది. ఆ యాక్సిలు బోల్టులు దాని చక్రాలకు సరిపోయే పొడుగు. మన మిలిటరీ చక్రాలు మందం. బోల్టు చక్రంలోంచి బయటికి వచ్చేసరికి కొస మాత్రమే కనిపిస్తోంది. నట్టు రెండు మరలు తిరిగి ఆగిపోతోంది. "ఈ రెండు మరల్ని నమ్ముకుని కొండ దిగితే బండి ఓ దారినా, సక్రం ఓ దారినా ఎల్తాయి" అన్నాడు ఎల్లాజీ.

చక్రానికి ఆరు చొప్పున పన్నెండు పొడుగు బోల్టులు కావాలి. నువ్వు జోగయ్యగారి లేతు షెడ్డులో టర్నరువి కదా. నా అల్లుడు ఇనుమును వెన్నలా కోస్తాడని మన పేటంతా చెప్పి ఉన్నాను. ఆ మాట నిలబెట్టు. ఎల్లాజీ చెప్పిన కొలత ముప్పావు.

పద్మను పంపమని రెండుసార్లు రాశావు. పంపనని ఎవరన్నారు? లారీ పని తేలాక పంపుతాను. ఇది వచ్చేస్తే ఈ బోల్టుల గురించి నీకు రాసేదెవరు?

ఇట్లు, కోపంగా లేని
దానమ్మ

బావా, ఈ ముక్క నాది. అమ్మకు తెలియదు. నువ్వు ఎంత బేగి పంపితే నేను అంత బేగి వస్తాను. – పద్మ

*

విజయనగరం,
24-1-1968

అత్తా,

నీ ఉత్తరం అందింది. మామకు గడ్డివాము తగిలినందుకు సంతోషం, దాని స్థానంలో ఇంకేదైనా ఉంటే ఏమయ్యేదో.

మొదటి సంగతి, వాటిని బోల్టులు అనరు, స్టడ్లు అంటారు. బోల్టు వేరు, స్టడ్డు వేరు. నువ్వు బోల్టే అంటావని నాకు తెలుసు, అయినా చెప్పడం నా బాధ్యత.

రెండో సంగతి ఇనుము. ఇందులో చాలా ఆలోచించాలి. బజారులో దొరికే మామూలు కడ్డీ మెత్తన. కోయడం సులువు, కాని గట్టిగా బిగిస్తే జీడిపాకంలా సాగుతుంది. విరిగిన స్ప్రింగు పట్టీ ఉక్కు ఉంది, అది మరీ కఠినం. సాగదు, వంగదు, గతుకులో పడగానే పుటుక్కుమంటుంది. మనకు కావలసింది ఈ రెండింటికీ నడిమిది. లారీ వెనక షాఫ్టు ఉక్కు అలాంటిది. బరువు మోస్తుంది, కుదుపు తట్టుకుంటుంది. జోగయ్యగారి దగ్గర విరిగిన షాఫ్టు ఒకటి మూల పడి ఉంది. అడిగాను. "మీ అత్తకైతే తీసుకో, ఆవిడ ఎండు నెత్తళ్ళు మా ఇంట్లో అందరికీ ఇష్టం" అన్నారు. కాబట్టి నెత్తళ్ళు పంపు.

మూడో సంగతి కొలత. ముప్పావు అని ఒకటే రాశారు. లావు ముప్పావు అంగుళం అని నాకు తెలుసు. ముప్పావు అంగుళం పొడుగు స్టడ్డు మాత్రం లోకంలో ఉండదు. మూడుముప్పావు అనబోయి మూడు మరిచిపోయి ఉంటారు. అడిగి తెలుసుకుందామంటే ఉత్తరం వెళ్ళి రావడానికి వారం పడుతుంది. ఆ వారం ఎందుకు పోగొట్టుకోవాలి? మూడుముప్పావు అంగుళాలు చేసి పంపుతున్నాను.

అల్లుడు
అప్పలసూరి

పద్మా, ఇక్కడి నుంచి అత్తకు చదవకు. గది చూశాను. మేడమీద ఒకటే గది, కిటికీ రోడ్డు వైపు. కింద ఇంటావిడ మంచిది, కాని ప్రశ్నలు ఎక్కువ. "పెళ్ళయినాదంటావు, పెళ్ళామేదీ?" అని రోజూ అడుగుతోంది. బదులు చెప్పలేక చస్తున్నాను. షెడ్డులో అందరూ భోజనానికి వెళ్ళాక కూడా నేను లేతు ఆపడం లేదు. ఈ పన్నెండూ పూర్తయితే నువ్వు వస్తావు కదా.

*

కళింగపట్నం,
6-2-1968

ఒరే అప్పలసూరీ,

నీ బోల్టులు వచ్చాయి. నీలాగే ఉన్నాయి. చూడటానికి నిగనిగ, మనిషి పొడుగు, పని దగ్గరికి వచ్చేసరికి ఏమీ లేదు.

ఎల్లాజీ వాటిని బిగించి కుడి చక్రం ఎక్కించి నట్టు తిప్పాడు. నట్టు మర ఉన్నంతవరకూ వచ్చి ఆగింది. చక్రం దాకా చేరలేదు. నట్టుకీ చక్రానికీ నడుమ పద్మ పెన్సిలు దూరింది. చక్రం పట్టుకుని ఊపితే తాగుబోతు తలలా ఊగుతోంది. అక్కడ పదిమంది ఉన్నారు. అందరికీ నేనే కబురుపెట్టి పిలిచాను, నా అల్లుడి పనితనం చూద్దురు గాని అని. ఒక్కరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

మీ మామ మాత్రం "పొడుగైతే ఏటి? మేకులాగ సుత్తితో కొట్టెస్తే సరి" అన్నాడు. సుత్తి దాచేశాను.

ఎల్లాజీ కొలత మూడుంపావు. నేను ఆ మాటే చెప్పాను. మూడుంపావు ఎక్కడ, మూడుముప్పావు ఎక్కడ? నీకు ముప్పావు మీద మోజు ఎందుకు? మళ్ళీ చెయ్యి. లారీ కదిలేదాకా పద్మ కదలదు. నెత్తళ్ళు జోగయ్యగారికి పంపుతున్నాను, నీకు కాదు.

దానమ్మ

బావా, అమ్మ ఆ రోజు "ముప్పావు" అనే అంది. "మూడుంపావా అమ్మా?" అని నేను రెండుసార్లు అడిగాను. "రెండూ ఒకటే, రాయే గుంటా" అంది. నువ్వయినా అడిగి ఉండవలసింది. – ప.

*

విజయనగరం,
10-2-1968

అత్తా,

మళ్ళీ చేస్తాను. ఈసారి ఎల్లాజీతో కొలతలన్నీ సరిగ్గా రాయించి పంపు. చక్రం వెనక హబ్బు మందం ఎంత, బ్రేకు డ్రమ్ము మందం ఎంత, చక్రం మందం ఎంత, అన్నీ విడివిడిగా కావాలి. తప్పు నాదే అనుకో. నాకు బాధ లేదు.

అప్పలసూరి

పద్మా, ఇది నీకే. నాకు బాధ ఉంది. ఎనిమిదో క్లాసు ప్యాసయిన మనిషివి. ముప్పావుకీ మూడుంపావుకీ తేడా నీకు తెలియదా? అత్త ఏమన్నా, రాసే చెయ్యి నీది. తెలిసి తెలిసి తప్పు ఎందుకు రాశావు అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఇక్కడ సముద్రం లేదు. ఒకటే గది. పగలంతా లేతు మోత, ఒంటికి ఆయిలు వాసన. నీకు రావడం ఇష్టం లేకపోతే ఆ మాటే రాయవచ్చు. లారీ పేరు చెప్పనక్కరలేదు. ఇంటావిడకు ఏదో ఒకటి చెప్పుకుంటాను.

*

కళింగపట్నం,
16-2-1968

ఒరే అప్పలసూరీ,

కొలతలు పద్మ రాస్తుంది. నేను రేవుకు వెళ్ళాలి, పడవలు వచ్చే వేళ అయింది. ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి దీని మొహం మాడిపోయింది. నువ్వేం రాశావో నాకు చదివి వినిపించలేదు. కాగితం చూస్తే బారెడు, చదివితే మూరెడు. ఏమిటో ఇది.

దానమ్మ

బావా,

అమ్మ వెళ్ళిపోయింది. ఇక రాస్తున్నది నేను.

తెలిసి తెలిసి తప్పు రాశానా? ఎనిమిదో క్లాసు చదివింది నీ లేతుకు అడ్డం పడటానికా? ఆ ఉత్తరం నేను నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి ఏడుపు కూడా రాలేదు, కోపం వచ్చింది. నిన్న అమ్మతో పాటు బస్సెక్కి నరసన్నపేట వెళ్ళాను. చీర కొంగు బిగించుకుని లారీ కిందికి దూరాను. నరసన్నపేటలో ఆడమనిషి లారీ కింద దూరడం ఎవరూ చూడలేదట. నిన్న అందరూ చూశారు. ఎల్లాజీ స్కేలు పట్టుకున్నాడు, చదివింది నేనే.

హబ్బు ముప్పావు. డ్రమ్ము అర. చక్రం అర. నట్టు ఒక అంగుళం. నట్టు దాటి బయటికి కొస అర అంగుళం కనపడాలి. అంతా కలిపితే మూడుంపావు. అంకెల్లోనూ రాస్తున్నాను, నీకు మాటల మీద నమ్మకం లేదు కనుక: 3¼. మర కొస నుంచి అంగుళంముప్పావు దాకా ఉండాలి, లేకపోతే నట్టు మళ్ళీ దారిలోనే ఆగిపోతుంది. ఎడమ చక్రం ఆరింటికీ మర తిరుగుడు ఎదురుగా ఉండాలని ఎల్లాజీ అన్నాడు, అది నీకు తెలిసే ఉంటుంది. లావు ముప్పావు. ఇందులో ఏదైనా నేను కావాలని తప్పు రాశానని తోస్తే నువ్వే వచ్చి లారీ కింద పడుకుని కొలుచుకో.

సముద్రం లేదని రాశావు. సముద్రాన్ని పెళ్ళాడలేదు నేను.

శివరాత్రికి పెద్దమ్మతో శ్రీముఖలింగం వెళ్తున్నాను. చక్రతీర్థం స్నానం అయ్యాక నాలుగు రోజులు అక్కడే చుట్టాల ఇంట్లో ఉంటాను. ఉత్తరం రాయాలనిపిస్తే రాయి, లేకపోతే మానెయ్యి. లారీ మార్చి పదో తారీకు దాకా కదలదని అమ్మ అంటోంది. నీకు తొందర లేదు.

పద్మకుమారి

*

విజయనగరం,
22-2-1968

అత్తకు,

మూడుంపావు అంగుళాల స్టడ్లు పన్నెండు, కొత్త నట్లు పన్నెండు, శ్రీకాకుళం బస్సు కండక్టరుతో పంపాను. నట్లు కూడా నేనే చేశాను, పాతవాటితో పని లేదు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. నా పని అయిపోయింది.

అప్పలసూరి

*

విజయనగరం,
27-2-1968

పద్మా,

ఈ ఉత్తరం చేతిలో పడగానే చదువు. అత్తకు ఒక్క ముక్క కూడా చదవకు.

ఘోరమైన తప్పు చేశాను. ఇవాళ నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. మొదటిసారి చదివినప్పుడు నీ కోపం ఎక్కడెక్కడ ఉందో వెతుక్కుంటూ చదివాను. అంకెలు మాత్రం పెన్సిలుతో వేరే చీటీ మీద ఎక్కించుకుని ఉత్తరం మడిచేశాను. ఎడమ చక్రం మర ఎదురు తిరగాలన్న మాట నా బుర్రలోకి వెళ్ళలేదు. పన్నెండూ ఒకే తిరుగుడు కోసేశాను. కుడి చక్రానికి అవి సరే. ఎడమ చక్రానికి అవి వేస్తే, చక్రం ముందుకు తిరుగుతున్న కొద్దీ నట్లు కొంచెం కొంచెంగా వదులవుతాయి. ఒక రోజులో కాకపోతే రెండు రోజుల్లో ఊడతాయి. కొండ దిగేటప్పుడు ఊడితే ఏమవుతుందో రాయడానికి చెయ్యి రావడం లేదు. కొత్త నట్లు పంపకుండా ఉంటే పాతవి ఎక్కక అక్కడే తెలిసిపోయేది. కొత్త నట్లు కూడా చేసి ఆ దారి కూడా నేనే మూసేశాను.

టెలిగ్రాం ఇద్దామని పోస్టాఫీసు దాకా వెళ్ళాను. టెలిగ్రాం అంటే మీ పేటంతా ఎవరో పోయారని గుండెలు బాదుకుంటూ బస్సెక్కి వస్తుంది. లారీ పదో తారీకు దాకా కదలదన్నావు కదా, ఉత్తరం చాలు. ఎడమ చక్రానికి కొత్తవి ఆరు ఇవాళే మొదలుపెడుతున్నాను. ఆదివారం నేనే తెస్తాను. అప్పటిదాకా ఏదో ఒకటి చెప్పి బండిని ఆపు. మీ అమ్మకు చెప్పకు. నేను స్ప్రింగు పట్టీ ఉక్కు గురించి రాశాను, గుర్తుందా? మీ అమ్మ ఆ రకం. తను వంగదు, ఎదుటివాణ్ణి వంచుతుంది. ఇది తెలిస్తే నిన్ను ఈ జన్మకు పంపదు.

నిన్ను అనకూడని మాట అన్నాను. తప్పుగా రాసింది నువ్వు కాదు, తప్పుగా చదివింది నేను. కిటికీకి తెర కొన్నాను. నీలం రంగు.

అప్పలసూరి

*

కళింగపట్నం,
1-3-1968

అల్లుడు అప్పలసూరికి,

పద్మ శ్రీముఖలింగంలో ఉంది కనుక ఈ ఉత్తరం పోస్టుమాన్ దాలయ్య రాస్తున్నాడు. నీ ఉత్తరం నిన్న వచ్చింది. అది చదివింది కూడా దాలయ్యే. చేపలు ఎండబెట్టే చోట, పదిహేనుమంది ఆడవాళ్ళ మధ్య, గొంతు పెద్దది చేసి చదివాడు. "అత్తకు ఒక్క ముక్క కూడా చదవకు" అన్న చోట కొంచెం ఆగి నా వంక చూశాడు. "సదువు" అన్నాను. నీలం తెర దాకా చదివాడు. స్ప్రింగు పట్టీ సంగతి తరవాత మాట్లాడుకుందాం.

లారీ నిన్న పొద్దున్న తొమ్మిదింటికే వెళ్ళిపోయిందిరా.

శివరాత్రి ఉపవాసాలు అయ్యాక కొండ సంతల్లో చేపలకు గిరాకీ అని కబురు వచ్చింది. ఎల్లాజీ కూడా శివరాత్రికి వెళ్ళి ఇంకా రాలేదు. మీ మామ నీ బోల్టులు నరసన్నపేట పట్టుకెళ్ళి తానే దిగ్గొట్టి, నట్లు తానే బిగించి, బండి ఇక్కడికి తెచ్చి గంపలు ఎక్కించుకున్నాడు. "ఎన్నలాగ ఎక్కినాయి. అల్లుడు మంచి పనోడు" అని ఎప్పుడూ లేనిది నిన్ను మెచ్చుకున్నాడు కూడా.

దాలయ్య చదవడం ఆపేసరికి నేను రోడ్డు మీద ఉన్నాను. చేతికి ఉప్పు, కాలికి చెప్పు లేదు. శ్రీకాకుళం బస్సెక్కాను, అక్కడ దిగి నరసన్నపేట బస్సు, అక్కడి నుంచి పాతపట్నం బస్సు. బస్సులో నా చుట్టూ చేపల వాసనకు అందరూ జరిగి చోటిచ్చారు. మీ మామ దారిలో అన్నం తిన్న చోటల్లా ఒక కునుకు తీస్తాడని నాకు తెలుసు. అదే నా ఆశ. నరసన్నపేట దాటి ఆరు మైళ్ళు వెళ్ళామో లేదో, టీ దుకాణం దగ్గర మన లారీ ఆగి ఉంది. ఆపమని అరిచాను. "ఇక్కడ స్టాపు లేదు" అన్నాడు కండక్టరు. అరమైలు అవతల దింపాడు.

వెనక్కి పరుగెత్తుతుంటే లారీ ఎదురుగా వస్తోంది. రోడ్డు మధ్యలో చేతులు చాపి నిలబడ్డాను. నిలబడ్డాక గుర్తొచ్చింది, పందొమ్మిదేళ్ళుగా ఈ బండి ఆగమంటే ఆగిన పాపాన పోలేదని. పక్కకు తప్పుకుంటే మీ మామ వెళ్ళిపోతాడు. కళ్ళు మూసుకున్నాను. కీచుమని ఒక చప్పుడు. కళ్ళు తెరిస్తే నాకూ బండికీ నడుమ ఒక గంప పెట్టేంత చోటుంది. వెనక నుంచి రెండు గంపల నెత్తళ్ళు కేబిను మీదుగా ఎగిరి నా మీద పడ్డాయి. మీ మామ దిగి వచ్చి, నన్ను కాదు, చక్రాన్ని చూసి "ఓలమ్మ, ఆగినాదే!" అన్నాడు.

ఎడమ చక్రం దగ్గర కూర్చుని చూశాను. ఆరు నట్లలో అయిదే ఉన్నాయి. ఆ అయిదూ నా వేళ్ళతో తిరిగాయి. "ఇంకోటేదీ?" అని అడిగాను. మీ మామ లుంగీ మడతలోంచి ఒక నట్టు తీశాడు. "ఇందాక రోడ్డు మీద దొర్లుకుంటా నా బండికంటే ముందు పోతన్నాది. ఎవులదో మంచి కొత్త నట్టు, పనికొస్తాదని ఆగి తీసినాను" అన్నాడు.

అక్కడే రోడ్డు మీద కూలబడ్డాను. నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. మీ మామ కంగారుపడి టీ తెచ్చాడు.

నట్లు మళ్ళీ బిగించి, రెండేసి మైళ్ళకు ఒకసారి దిగి చూసుకుంటూ, నడిచినట్టుగా పాతపట్నం చేర్చాము. బండి అక్కడే ఉంది. మీ మామ కూడా అక్కడే ఉన్నాడు. ఆదివారం నువ్వు ఇక్కడికి రావద్దు. ఆరు బోల్టులూ పట్టుకుని తిన్నగా పాతపట్నం వెళ్ళు. నీతో నేను మాట్లాడేది లేదు.

దానమ్మ
(చెప్పినది చెప్పినట్టు రాసినవాడు దాలయ్య. రెండు మాటలు మాత్రం పోస్టులో పంపకూడనివి కనుక వదిలేశాను.)

*

విజయనగరం,
5-3-1968

అత్తా,

మాట్లాడనన్నావు కనుక రాస్తున్నాను. చదివించుకోవడం నీ ఇష్టం.

ఆదివారం పాతపట్నం వెళ్ళాను. బస్సు దిగేసరికి లారీ పక్కన మామతో పాటు పద్మ కూర్చుని ఉంది. శ్రీముఖలింగానికి నువ్వు కబురు పంపావట, నాకు చెప్పలేదు. నన్ను చూసి లేవలేదు. చెయ్యి చాపింది. సంచిలోంచి ఒక స్టడ్డు, దాని కొత్త నట్టు తీసి ఇచ్చాను. నట్టు దాని మీద పెట్టి మామూలుగా తిప్పింది. ఎక్కలేదు. ఎదురు తిప్పింది. ఎక్కింది. మిగతా అయిదూ కూడా అలాగే ఒక్కొక్కటీ చూసింది. అప్పుడు "బాగున్నాయి, ఎయ్యండి" అని మామతో అంది. నాతో కాదు.

చక్రం విప్పి, పాతవి కొట్టి, కొత్తవి దిగ్గొట్టేసరికి మధ్యాహ్నమైంది. నట్లు బిగించేటప్పుడు స్పానరు అవతలి కొస పట్టుకుంది. అప్పుడు మాట్లాడింది.

"ఉత్తరం వస్తే సదువుతావా, నా కోపం ఎక్కడున్నాదో ఎతుక్కుంటావా?"

"ఎతుక్కున్నాను."

"మా అయ్య సచ్చిపోయుండును."

స్పానరు వదిలేసి తల దించుకున్నాను. పద్మ స్పానరు మళ్ళీ నా వైపు జరిపి "ఇంకో రెండున్నాయి, తిప్పు" అంది. తిప్పాను. అంతా అయ్యాక బండి నాలుగు మైళ్ళు తోలి వచ్చి మళ్ళీ చూశాం. ఒక్క నట్టు వెంట్రుకవాసి కదలలేదు. మామ అయిదారుసార్లు బ్రేకు తొక్కి చూసి, "ఎక్కడ తొక్కితే అక్కడ ఆగిపోతన్నాది. ఇంక తోలడానికి మజా ఏటుంటాది?" అని దిగులుపడ్డాడు.

అత్తా, నేను గొప్ప పనివాణ్ణని నువ్వు పేటంతా చెప్పావు. నేను కూడా అదే అనుకున్నాను. ఉక్కు సరిగ్గా ఎంచుకున్నాను, కోత సరిగ్గా కోశాను. చదవవలసినది చదవలేదు. పద్మ శ్రీముఖలింగంలో ఉంటానన్న ముక్క కూడా దాటేసి ఆ ఉత్తరం ఇంటికే రాశాను. పద్మను పంపమని ఈ ఉత్తరంలో అడగను. ఆ మాట అడిగే మొహం లేదు. నిన్ను స్ప్రింగు పట్టీ అన్నది కూడా తప్పే. స్ప్రింగు పట్టీ రోడ్డుకు అడ్డం నిలబడదు.

అప్పలసూరి

*

కళింగపట్నం,
15-3-1968

ఒరే అల్లుడా,

పద్మ పాతపట్నం నుంచి మర్నాడే వచ్చేసింది. ఈ ఉత్తరం అదే రాస్తోంది, కనుక మళ్ళీ తిట్లు ఉండవు. నీ ఉత్తరం మొత్తం చదివించుకున్నాను. ఈసారి బారెడు కాగితం బారెడే చదివింది.

మీ మామ కొండ సంతకు వెళ్ళి క్షేమంగా తిరిగి వచ్చాడు. అన్ని గంపలూ అమ్ముడుపోయాయి. దిగేటప్పుడు మూడు చోట్ల ఊరికే బండి ఆపాడట, ఆగుతుందని అక్కడి వాళ్ళకు చూపించడానికి.

అడిగే మొహం లేదన్నావు. అడగకపోయినా పంపుతాను. తప్పు నీ ఒక్కడిదీ కాదు. ముప్పావూ మూడుంపావూ ఒకటేనన్నది నేను. ఆ మాట అప్పుడే ఒప్పుకుని ఉంటే మీరిద్దరూ ఒకరినొకరు అనుకోకపోదురు. పద్మ పది రోజులుగా పెట్టె సర్దుతోంది, విప్పుతోంది, మళ్ళీ సర్దుతోంది. దాని మొహం చూడలేకపోతున్నాను.

బుధవారం మధ్యాహ్నానికి లారీలోనే వస్తున్నాం. పద్మ, నేను, మీ మామ. ఎందుకంటే వెనక యాక్సిలు కూడా కొన్నాను. అదే బోల్తాపడిన లారీది. ముందు ఆయిలు బ్రేకు, వెనక పాత బ్రేకు ఉంటే బండి ముక్కు మీద పడుతుందని భయం. ఈసారి కొలతలు రాయించను. యాక్సిలునే లారీలో వేసుకుని తెస్తున్నాను. నీ ముందు దింపుతాను, నువ్వే కొలుచుకో. మీ మామ లారీలో పడుకుంటాడు. నేను మీ గదిలో ఒక మూల చాప వేసుకుంటాను. కింద ఇంటావిడ ప్రశ్నలకు నేను సమాధానం చెబుతాను, నీకు ఆ బాధ ఉండదు. ఎన్నాళ్ళు ఉంటానో ఇప్పుడే చెప్పలేను. వెనకవి జంట చక్రాలు కదా, ఆ పని నెలలోగా తేలదని ఎల్లాజీ అన్నాడు.

ఇక నీ పెళ్ళాం తన ముక్క రాసుకుంటుందట. నేను మొహం అటు తిప్పుకుంటున్నాను.

దానమ్మ

బావా, ఎల్లాజీ ఆ మాట అనలేదు. రెండు రోజుల పని అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. నువ్వు మాత్రం నెల రోజులు చెయ్యి, అమ్మ నన్ను వదిలి వెళ్ళడానికి ఆ మాత్రం పడుతుంది. – పద్మ